మెట్ల కింద రెండు డబ్బాలు

నా భార్య కిష్టమ్మ తమ్ముడు జంగయ్య మా పై అంతస్తులో ఉంటాడు. అతనితో నేను మాట్లాడను. కిష్టమ్మ పోయిన రోజు నుంచి ఒక్క మాట లేదు. అతను మాత్రం మాట్లాడుతూనే ఉంటాడు. పొద్దున స్కూటర్ బయటికి తీస్తూ "లేసినవా బావా?" అంటాడు. సాయంత్రం మెట్ల మీద కూర్చుని సిగరెట్ కాలుస్తూ, బూడిద నా వాకిట్లోకి రాలుస్తూ, "గీ మోరీ ఎప్పుడు సాఫ్ చేస్తరో బావా" అంటాడు. నేను జవాబివ్వను. జవాబు రాకపోయినా అతనికి ఏమీ అనిపించదు. నాకు మండేది అక్కడే.

ఇల్లు మారదామంటే కుదరదు. నాదర్‌గుల్‌లో నా పొలం, మా అత్తగారింటి పొలం పక్కపక్కన ఉండేవి. రెండూ ప్లాట్లయ్యాక వచ్చిన దానితో ఎల్బీనగర్‌లో ఇద్దరం కలిసి ఈ ఇల్లు కట్టాం. కింద నేను, పైన అతను. మెట్లు ఒకటే, బోరు ఒకటే, మెట్ల కింద కరెంటు మీటర్ల గూడు ఒకటే. తమ్ముడు దగ్గరే ఉంటాడని కిష్టమ్మ అప్పుడు సంబరపడింది.

ఆ తమ్ముడు ఆమెకు చేసింది చెబుతాను.

ఒక ఎండాకాలం కిష్టమ్మకు మూత్రంలో ఎరుపు కనపడింది. మంట కూడా ఉంది. "వేడి చేసిందక్కా" అన్నాడు జంగయ్య. బార్లీ నీళ్లు తాగించాడు. సబ్జా గింజలు నానబెట్టించాడు. తగ్గకపోతే "రాళ్లుంటయ్, ఈతకల్లు తాగితే కరిగి పోతయ్" అన్నాడు. రోజూ పొద్దున్నే అక్కను స్కూటర్ మీద కూర్చోబెట్టుకుని అబ్దుల్లాపూర్‌మెట్ దాటి తీసుకుపోయేవాడు. చెట్టు మీది నుంచి దించిన కల్లు అక్కడికక్కడే తాగించేవాడు. ఆ జబ్బులో రక్తం ఒకసారి వస్తుంది, మళ్లీ కొన్నాళ్లు ఆగిపోతుంది. ఆగినప్పుడల్లా అతను నా వైపు చూసి "చూసినవా?" అనేవాడు.

చివరికి నేనే దిల్‌సుఖ్‌నగర్‌లో డాక్టర్ చక్రపాణి దగ్గరికి తీసుకుపోయాను. సన్నటి పైపుకు కెమెరా ఉంటుంది, అది పెట్టి మూత్రాశయం లోపల చూడాలి అన్నాడాయన. మాలో పెళ్లయిన ఆడమనిషి ఒంటి మీద కత్తి గానీ పైపు గానీ పెట్టాలంటే ఆమె తల్లిగారింటి మాట తీసుకోవాలి. మనవలు పుట్టినా సరే, తీసుకోవాలి. రేపు ఏమన్నా అయితే మా పిల్లను మీరు చంపారంటారు. మా మామ అప్పటికే లేడు. కాబట్టి ఆ మాట జంగయ్యది. అడిగాను.

"మొగ డాక్టరు గాడ పైపు వెడ్తడా? మా అక్కకా? జర ఇజ్జత్ చూస్కో బావా. వేడికి గింత లొల్లా?"

కిష్టమ్మ తల వంచుకుని కూర్చుంది. తమ్ముడు వద్దన్నాక ఆమె ఇక ఆస్పత్రికి రానంది. ఇంకో ఎండాకాలం కల్లుతో గడిచింది. మళ్లీ పోయేసరికి జబ్బు మూత్రం సంచి గోడ దాటింది. "ముందే వచ్చుంటే బాగుండేదండీ" అన్నాడు చక్రపాణి. ఆఖరి రోజుల్లో ఆమె అరుపు బయటికి రాకుండా దిండు కొరికేది. ఆ గలేబు మీద పళ్ల గాట్లున్నాయి. దాన్ని నేను పారెయ్యలేదు. బీరువాలో ఉంది.

దినవారాల్లో జంగయ్య అందరికంటే గట్టిగా ఏడ్చాడు. అందరూ అతన్నే ఓదార్చారు.

*

పోయిన చలికాలం నాకూ ఎరుపు కనపడింది. నేనెవరికీ చెప్పలేదు. కానీ మా ఫ్లష్ ట్యాంకు పాడై ఉండింది. బకెట్‌తో నీళ్లు పొయ్యాలి. నేను పొయ్యకముందే మా అమ్మాయి అంబిక బాత్రూంలోకి పోయింది. అంబిక దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెబుతుంది. కాపురమూ అక్కడే. ఆదివారాలు వచ్చి నాకు వండిపెట్టి పోతుంది.

"నాయినా, గిదేంది?"

"బీట్‌రూట్ తిన్న."

"ఇంట్ల బీట్‌రూట్ ఏడున్నది? కూర వండింది నేను."

ఆమె అలాగే గుమ్మంలో నిలబడింది. కళ్లు వాళ్లమ్మవి.

"డాక్టర్ దగ్గరికి పోదాం."

"పైపు వెట్టిచ్చుకోను. ఎవ్వడు చెప్పినా వెట్టిచ్చుకోను."

"అమ్మప్పుడు మామనడిగినవ్. ఇప్పుడు ఎవరినడుగుతవ్?"

ఆ మాటకు నేను లేచి వాకిట్లోకి పోయాను. ఆమె ఊరుకునే రకం కాదు. మర్నాడు ఒక్కతే చక్రపాణి దగ్గరికి పోయి, అక్కడి నుంచే ఫోన్ చేసి ఆయనకిచ్చింది. ఆయనది కోస్తా మాట. ప్రతి ముక్కకూ అండీ తగిలిస్తాడు.

"అంజయ్యగారూ, పైపు మాట తర్వాత చూద్దామండీ. ముందు మూత్రం ఇస్తే చాలు. మూత్రాశయం లోపలి గోడ నుంచి కణాలు రాలి మూత్రంలో కలుస్తుంటాయి. అక్కడ కాన్సర్ ఉంటే ఆ కణాల జన్యువులు మారిపోయి ఉంటాయండీ. ఆ మార్పును ల్యాబ్‌లో పట్టేస్తారు. గడ్డ చిన్నగా ఉన్నప్పుడే తెలిసే వీలుంది."

"మరి కిష్టమ్మకెందుకు చెయ్యలే?"

అటువైపు పాత కాగితాలు తిరగేసిన చప్పుడైంది.

"ఆవిడకి నేరుగా పైపు వేసి చూద్దామన్నానండీ. మీరే ఏడాది దాకా మళ్లీ రాలేదు."

ఫోన్ పెట్టేశాను.

అంబిక ఆ టెస్టు బుక్ చేసింది. దానితోపాటు ఇంట్లో ఇంకొకరికి మామూలు పరీక్షలు ఉచితమట. మేనమామ పేరు రాయించింది. "మామ షుగర్ చూపిచ్చుకోక ఎన్నేండ్లాయె" అంది. నాకు ఒళ్లు మండింది. నా జబ్బుతో అతనికి లాభం.

శుక్రవారం సాయంత్రం ల్యాబ్ నుంచి అమల అనే అమ్మాయి వచ్చి డబ్బాలిచ్చి పోయింది. నాది పెద్దది. అడుగున కొంచెం మందునీళ్లు ఉన్నాయి. అవి పారబొయ్యొద్దని రెండుసార్లు చెప్పింది. జంగయ్యది చిన్న డబ్బా. రెండింటి మీదా పేర్లు అంటించి ఉన్నాయి. పొద్దున పట్టి ఉంచితే వచ్చి తీసుకుపోతానంది.

తెల్లారి శనివారం. పైన జంగయ్య భార్య బాలమణి గొంతు కిందికి వినపడింది.

"దేవుని దినం ఇల్లు కడిగి దీపం వెట్టిన. గా గలీజు డబ్బా ఇంట్ల వెడ్తవా?"

"మరేడ వెట్టాలెనే? నెత్తి మీద వెట్టుకోవాల్నా?"

"మెట్ల కింద వెట్టు. గా పిల్ల ఆడికెల్లే తీస్కపోతది."

జంగయ్య దిగివచ్చి, న్యూస్‌పేపర్‌లో చుట్టిన డబ్బాను మీటర్ల గూట్లో పెట్టాడు. మూతి మీద మీసం సవరించుకుంటూ నా కిటికీ వైపు చూసి, "బావా, నాది ఫస్ట్ క్లాస్ సరుకు" అని నవ్వి పైకి పోయాడు.

నేను బాత్రూంలో మూత్రం మగ్గులో పట్టి, నా డబ్బా చేత్తో పట్టుకుని నిలబడ్డాను. ఆ రోజు ఎరుపు లేదు. మామూలుగానే ఉంది. కానీ ఎరుపు లేని రోజుల్ని నేను నమ్మను. కిష్టమ్మకూ అలాంటి రోజులుండేవి. అందులో ఏముందో ల్యాబ్‌వాళ్లు పడతారు. పట్టాక పైపు. పైపు తర్వాత కత్తి. తర్వాతిదంతా నేను ఆ మంచం పక్కన కూర్చుని చూశాను. నాకు కావలసింది అంబిక నోరు మూయించే కాగితం. ఏమీ లేదని చెప్పే కాగితం.

జంగయ్యకు జ్వరం రావడం కూడా నేనెప్పుడూ చూడలేదు. ఈ వయసులో నీళ్ల క్యాను భుజాన పెట్టుకుని మెట్లెక్కుతాడు. అక్కను మింగి గుండ్రాయిలా ఉన్నాడు.

గూట్లోంచి అతని డబ్బా తెచ్చాను. అతనిది నా డబ్బాలో పోశాను. నాది అతని డబ్బాలో పోశాను. మూతలు బిగించి, తుడిచి, దాన్ని మళ్లీ న్యూస్‌పేపర్‌లో చుట్టి రెండూ గూట్లో పెట్టాను. అతని పేరు మీద నా మూత్రం పంపుతున్నందుకు కొంచెం హాయిగా కూడా అనిపించింది.

అమల వచ్చి, షుగర్ కోసం పైన జంగయ్య రక్తం తీసుకుని దిగి, డబ్బాలను ఐసు పెట్టెలో పెట్టుకుంటూ నన్ను అడిగింది.

"అంకుల్, పేరు చూస్కోండ్రి. గిది మీదేనా?"

"నాదే."

*

తర్వాతి వారం అంబిక పని రోజే, మెడలో కోచింగ్ సెంటర్ కార్డు తియ్యకుండానే వచ్చింది. ఆమె ముఖం చూడగానే నాకు అర్థమైంది.

"నాయినా, పాజిటివ్ అని వచ్చింది."

నాకు నవ్వొచ్చింది. ఆపుకుందామన్నా ఆగలేదు. నాకు మతి పోయిందనుకుని అంబిక ఏడ్చింది. ఆమె ఏడుస్తుంటే నేను నవ్వుతున్నాను. పైన జంగయ్య టీవీలో ఏదో చూస్తూ తనూ నవ్వుతున్నాడు.

పైపు వద్దని ఇక అనలేకపోయాను. ఆ మూత్రం నాది కాదని చెబితే తప్ప ఆమె వదలదు. పైగా నా ఎరుపు సంగతి కూడా తేలలేదు. చక్రపాణి దగ్గరికి పోయాం. బల్ల మీద పడుకోబెట్టి, మత్తు జెల్లీ రాసి పైపు దూర్చారు. మత్తంటే మత్తు కాదు. కళ్లు మూసుకుంటే కిష్టమ్మ కనపడింది. కళ్లు తెరిచి స్క్రీన్ మీద నా లోపలిది చూశాను.

"శుభ్రంగా ఉందండీ" అన్నాడు చక్రపాణి. "మీకు రక్తం ప్రోస్టేట్ గ్రంథి వాపు వల్ల వస్తోంది. మాత్రలతో తగ్గుతుంది." అని ఆగి, అంబిక తెచ్చిన కాగితం మళ్లీ చూశాడు. "ఇదే అర్థం కావట్లేదండీ. ఈ టెస్టు ఒక్కోసారి పొరపాటు చూపిస్తుంది. ఒక్కోసారి గడ్డ కంటికి కనపడక ముందే పసిగడుతుంది. ఇంత స్పష్టంగా వచ్చి లోపల ఏమీ లేకపోవడం మాత్రం... అంజయ్యగారూ, ఆ సాంపిల్ మీదేనా?"

"నాదే."

"ఖచ్చితంగా?"

"నాది గాక నీదా?"

ఆయన కాగితం మడిచి అంబికకిచ్చాడు. మూడు నెలల తర్వాత మళ్లీ చూద్దామన్నాడు.

మెట్రోలో ఎల్బీనగర్ దాకా అంబిక నా చెయ్యి పట్టుకునే ఉంది. సంతోషంతో కళ్లు తుడుచుకుంటూనే ఉంది. నాకు కూర్చోవడం కష్టంగా ఉంది. సీటు కుదిపినప్పుడల్లా కింద మండింది. జంగయ్యకు పెట్టాల్సిన పైపు నాకు పెట్టారు. నాకేమీ లేదు. ఉన్నది అతనికి. ఈ సంగతి నాకొక్కడికే తెలుసు.

కొత్తపేటలో పండ్ల మార్కెట్ ఎత్తేసిన జాగా కిటికీలోంచి కనపడింది. అది దాటేలోపే తేల్చుకున్నాను. చెప్పను. అతన్ని నేనేమీ చెయ్యను, ముట్టుకోను. ఊరుకుంటాను. అతను కిష్టమ్మను ముట్టుకున్నాడా? బార్లీ నీళ్లిచ్చాడంతే.

*

ఆ తర్వాత రోజులు నాకు బాగానే గడిచాయి. అతను స్కూటర్ తీస్తుంటే చూసేవాడిని. సిగరెట్ వెలిగిస్తుంటే చూసేవాడిని. ముందు ముఖం తిప్పుకునేవాడిని, ఇప్పుడు సరిగ్గా చూస్తున్నాను. అతనికీ అది తెలిసింది. "ఏంది బావా, పిల్ల నచ్చినట్టు చూస్తున్నవ్" అన్నాడు ఒకరోజు.

అతని రిపోర్టు వచ్చింది. షుగర్ కొంచెం ఉంది. మూత్రంలో రక్తకణాలు ఎక్కువున్నాయి. అవి నావి. జంగయ్య ఫోన్ పట్టుకుని మెట్ల మీది నుంచే అరిచాడు.

"బావా, నా ఉచ్చల రక్తమున్నదట! నాకు! వేడి ఎట్లున్నదో చూడు గీ పట్నంల!"

బాలమణి ఆ పూటే సబ్జా నానబెట్టింది. రెండో రోజు నుంచి అతని స్కూటర్ హ్యాండిల్‌కు తెల్లటి ప్లాస్టిక్ క్యాను వేలాడింది. అదే రోడ్డు, అవే చెట్లు. తిరిగొచ్చి వాకిట్లో బండి ఆపి, క్యాను మూత తీసి రెండు గుటకలు మింగేవాడు. కల్లు వాసన నా కిటికీ దాకా వచ్చేది. ఆ వాసనకు కిష్టమ్మ కొంగు గుర్తొచ్చేది.

ఆదివారం అంబిక వచ్చింది. వాకిట్లో అతన్ని పట్టుకుంది. నేను గుమ్మంలో కుర్చీ వేసుకుని ఉన్నాను.

"మామా, గీ కల్లేంది? రిపోర్టుల రక్తమొస్తే డాక్టర్‌కు చూపియ్యాలె. నాయినకు చేసిన టెస్టే నీకూ చేపిద్దాం."

"మీ నాయినకు చేసి ఏం పీకిన్రు బిడ్డా? కాన్సరని రాసిచ్చిన్రు. పైపేసినంక లేదన్నరు. గా టెస్టే బోగస్. ఉచ్చ చూసి కాన్సర్ చెప్తరట, చిలక జోస్యం లెక్క."

"బోగస్ గాదు మామా, ఒక్కోసారి..."

"నువ్ లెక్కల టీచర్‌వి గదా. ఉన్నదన్నరు, లేదన్నరు. గిదేం లెక్క?"

ఆ లెక్కకు సమాధానం నా దగ్గర ఉంది. నేను కుర్చీలోంచి కదలలేదు. నా నోట్లోని అబద్ధమే అతన్ని కల్లు చెట్ల కిందికి తోలుతోంది. నేను అనుకున్నదానికంటే బాగా పనిచేస్తోంది.

జంగయ్య క్యాను ఎత్తి తాగి, మీసాలు తుడుచుకున్నాడు.

"మీ అమ్మకు గూడ గిదే కల్లు. మస్తు పనిచేసింది. మధ్యల తగ్గలేదా? చెప్పు. ఆకరికి ఆయుష్షు లేకపాయె. దానికి ఎవడేం జేస్తడు బిడ్డా? దేవుడు రాసింది గంతే."

అతని ముఖం చూశాను. దొంగ మాట కాదు అది. నమ్మి అంటున్నాడు. ఇన్నేళ్లూ హాయిగా నిద్రపోయాడు. రేపు తనకు రక్తం పడినా కల్లు తాగుతాడు, మంచాన పడతాడు, ఆయుష్షు లేదంటాడు, పోతాడు. బాలమణి ఏడుస్తుంది. అక్క దగ్గరికే పోయాడని నలుగురూ అంటారు. కిష్టమ్మను ఎవరు చంపారో తెలియకుండానే పోతాడు.

అలా పోనివ్వలేను.

"జంగయ్యా" అన్నాను.

అతని చేతిలో క్యాను ఒరిగి కల్లు కాళ్ల మీద పడింది. ఆ పేరు నా నోట విని ఏళ్లయింది.

"గా కాన్సర్ రిపోర్టు నాది గాదు. నీది."

"ఏందీ?"

"నా డబ్బాల పోసింది నీ ఉచ్చ. మెట్ల కింద వెట్టిపోయినవ్ గదా, ఫస్ట్ క్లాస్ సరుకని. అది నా డబ్బాల పోసిన. నాది నీ డబ్బాల పోసిన. రక్తకణాలు నావి. కాన్సర్ నీది."

ముందు అతను నవ్వాడు. అంబిక వైపు తిరిగాడు, ఆమె కూడా నవ్వుతుందేమోనని.

"నా ఉచ్చ దొంగతనం జేసినవా బావా? గదేమన్న బంగారమా?"

ఎవరూ నవ్వలేదు. అతని నవ్వు కూడా సగంలో ఆగింది.

"నాయినా" అంది అంబిక. "డాక్టర్ అడిగిండు గదా. నీదేనా అని అడిగిండు గదా."

"అడిగిండు."

"అప్పటికెల్లి తెల్సు నీకు. తెల్సి గీ కుర్చీల కూసోని చూస్తున్నవ్."

"మీ అమ్మ పోతుంటే ఈయన స్కూటర్ మీద కూసోని చూడలేదా?"

జంగయ్య క్యాను కింద పెట్టాడు. అతని ముఖంలోకి అప్పుడు కోపం వచ్చింది.

"మరి ఇప్పుడెందుకు చెప్తున్నవ్? ఊకుంటే సచ్చిపోతుంటి గదా. నీకు కావాల్సింది గదే గదా."

"ఊకుంటే కల్లు తాగి, దేవుడు రాసిండని పోతవ్. గంత సుకంగ నిన్ను పోనియ్య. నువ్ పైపు వెట్టిచ్చుకోవాలె. ఎట్లుంటదో చూడాలె. మీ అక్కకు మొదట్లనే గది వెడ్తే ఏమయితుండెనో డాక్టర్ నోటెంట ఇనాలె. ఇన్నంక బతుకు. ఎన్నేండ్లన్న బతుకు."

బాలమణి ఎప్పుడు వచ్చిందో, మెట్ల మధ్యలో పిండి చేతులతో నిలబడి ఉంది.

"అన్నా, నీ కాల్మొక్త. నిజం చెప్పు. ఆయనదేనా?"

"ఆయనదే."

ఆమె దిగివచ్చి ఏమీ అనకుండా క్యాను ఎత్తి మోరీలో గుమ్మరించింది. జంగయ్య ఆపలేదు. నెమ్మదిగా అన్నాడు.

"పైపు నాతోని గాదు. నాకు ఇజ్జతున్నది."

"అయితే మీ తల్లిగారింటోళ్లను అడుగుపో" అన్నాను. "వాళ్ల మాట లేంది పైపు వెట్టరాదు గదా. పో, అడుగు. ఎవలున్నరు ఆడ? ఒక్క అక్కుండె."

అతను మెట్ల మీద కూర్చున్నాడు. సిగరెట్ తీశాడు. వెలిగించలేదు.

*

ఈసారి అంబిక దగ్గరుండి, అతని పేరు మీద, అతని చేత్తోనే డబ్బా ఇప్పించింది. మళ్లీ పాజిటివ్ వచ్చింది. చక్రపాణి పైపు వేసి చూశాడు. సంచి గోడ మీద చిన్న గడ్డ ఉంది. లోపలి పొర దాటలేదు. పొట్ట కొయ్యకుండా, మూత్రం వచ్చే దారిలోంచే గీకి తీసేశారు. ఇంకో ఎండాకాలం ఆగి ఉంటే వేరే మాట చెప్పాల్సి వచ్చేదన్నాడట. అక్కగారికీ మొదట్లో ఇంతే ఉండి ఉండాలండీ అని కూడా అన్నాడట. అంబిక ఇంటికొచ్చి ఆ రెండు మాటలూ నాకు అప్పజెప్పింది. అంతకుమించి ఏమీ చెప్పలేదు. ఈమధ్య నాతో అంతే మాట్లాడుతుంది. ఆదివారం వస్తే ముందు పైకి పోతుంది, మామను చూస్తుంది, తర్వాత దిగివచ్చి నాకు వండుతుంది. ఒకసారి అన్నం వడ్డిస్తూ, ముఖం చూడకుండా అంది.

"నువ్వూ మామా ఒక్కటే నాయినా. ఆయనకు తెల్వక చేసిండు. నువ్ తెల్సి చేసినవ్."

నేను అన్నం తిన్నాను. ఉప్పు తక్కువైందని చెప్పాను.

అది తీసేశామని వదిలేసే జబ్బు కాదు. మళ్లీ మళ్లీ వస్తుంది. అందుకని మూడు నెలలకోసారి పైపు వేసి చూస్తారు. మధ్యలో వారం వారం సంచిలోకి ఒక మందు పోస్తారు. అది లోపల కాసేపు ఆపుకోవాలి. తర్వాత ఆ రోజంతా మండుతుంది. ఇవన్నీ పైన బాలమణి ఫోన్‌లో ఎవరికో చెబుతుంటే విన్నాను. మిగతాది కుర్చీలో కూర్చుని చూస్తే తెలుస్తుంది. పోయేటప్పుడు ఆటో ఎక్కుతాడు. ఇప్పుడు స్కూటర్ మీద కూర్చోలేడు. వచ్చేటప్పుడు మెట్ల కమ్మీ పట్టుకుని, మెట్టు మెట్టుకూ ఆగుతూ ఎక్కుతాడు. పైన బాత్రూం తలుపు పడుతుంది. కాసేపటికి మూలుగు వినపడుతుంది. నోటికి ఏదో అడ్డం పెట్టుకున్న మూలుగు. అది ఎలా ఉంటుందో నాకు తెలుసు.

సిగరెట్ మానేశాడు. నా వాకిట్లో బూడిద రాలడం లేదు. "లేసినవా బావా" కూడా లేదు.

మొన్న మధ్యాహ్నం ఆటో దిగాడు. మెట్ల వైపు పోలేదు. నా గుమ్మం ముందుకొచ్చి ఆగాడు. చెమటతో చొక్కా ఒంటికి అంటుకుపోయి ఉంది. ఒక చెయ్యి తలుపు చెక్క మీద ఆనించాడు. నేను కుర్చీలోంచి లేవలేదు.

"బావా."

నేను చూశాను.

"అక్కకు... గిట్లనే మండిందా?"

ఈ మాట అతను ఆమె బతికుండగా ఒక్కసారి అడగలేదు. నేను ఇన్నేళ్లూ ఎదురుచూసింది దీనికే. జవాబు బీరువాలో ఉంది. రెండు అడుగులు వేస్తే చేతికందుతుంది. అతని ముఖం మీద పరిస్తే, పళ్ల గాట్లు అతనే వేళ్లతో తడుముకుంటాడు. లేచాను. లోపలికి పోయి బీరువా తెరిచాను. గలేబు మీద చెయ్యి పెట్టాను. పెట్టాక తీయబుద్ధి కాలేదు. దాన్ని చూసి అతను ఏడుస్తాడు. ఏడిస్తే తేలికపడతాడు. దినవారాల్లోలాగే.

బీరువా మూసి మళ్లీ గుమ్మం దగ్గరికి వచ్చాను. అతను అలాగే నిలబడి ఉన్నాడు, జవాబు కోసం.

తలుపు చెక్క మీద ఉన్న అతని చెయ్యి తీసి పక్కకు పెట్టి, తలుపు వేశాను.